ముందు మీరు చెప్పండి

ప్రజలకు తెలియజేయడమేమనగా, భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సౌకర్యం ఇప్పుడు మన ఊళ్ళోనే లభిస్తోంది. కళ్ళజోళ్ళ దుకాణం పై అంతస్తులో, పళ్ళ డాక్టరు గదికి ఎదురుగా, ఇందుకోసమే ఒక ప్రైవేటు కేంద్రం వెలిసింది. ముందుగా డబ్బు కట్టినవారిని వారానికొక పూట మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, ఎవరి జీవిత భాగస్వామిని వారికే దగ్గరగా చూపిస్తారు. ఇదే పని ఇంట్లో ఖర్చు లేకుండా జరిగే వీలుంది. అయితే ఊరికే దొరికేదాన్ని ఎవరూ వాడుకోరన్న రహస్యం కనిపెట్టి, దానికొక ధర కట్టిన మహానుభావులకు సమాజం ఎంతైనా రుణపడి ఉంది.

ఆ మెట్లెక్కిన ఒక జంట గురించి ఇక్కడ మనవి చేసుకుంటాను. భర్త నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగం అధికారి. కొళాయి రాలేదని కొందరు, వచ్చినా బురద వచ్చిందని కొందరు, తమ వీధికి ఆ బురద కూడా రాలేదని మరికొందరు చెప్పుకునే గోడునంతా ఆయన ఓపిగ్గా వింటాడు. విన్నదాన్ని పొల్లుపోకుండా తిరిగి వాళ్ళకే అప్పజెబుతాడు. "మీ ఫిర్యాదు నమోదైందండీ" అని ఒక నంబరిచ్చి పంపుతాడు. ఫిర్యాదు తీర్చడం ఆ విభాగం పని కాదు. అందుకు వేరే విభాగముంది. అది ఎక్కడుందో తెలియడం లేదన్న ఫిర్యాదు కూడా ఆయన దగ్గర నమోదై ఉంది. ఊళ్ళో ఆయన్ని నమోదుగారంటారు.

భార్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు ముందు, కాలికందేలా ఆవిడకంటూ ఒక బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకును ఎదుటివాడు తప్పు చేశాక నొక్కితే లాభం లేదు, చేస్తాడేమోనన్న అనుమానం రాగానే నొక్కాలి. ఈ సద్గుణం వల్ల ఆవిడ చేతికింద ఇంతవరకు ఒక్క దీపస్తంభం వంగలేదు, ఒక్క గోడ బీటలివ్వలేదు. నేర్చుకునేవాళ్ళు ఆవిడను బ్రేకు మేడం అంటారు, భయంతో కొంత, కృతజ్ఞతతో కొంత.

పెళ్ళయి పదేళ్ళు దాటింది. పిల్లలు లేరు. ఆ విషయమై బంధువులు పడ్డ బెంగలో పావు వంతు కూడా వీళ్ళు పడలేదు. ఇక గొడవల మాటే లేదు. ఎక్కడికి వెళ్దామన్నా, ఏ రంగు కర్టెన్లు కొందామన్నా ఆయన "నీ ఇష్టం" అంటాడు. ఆవిడ "మీ ఇష్టం" అంటుంది. ఇలా ఇష్టాలను ఒకరికొకరు సగౌరవంగా అప్పగించుకుంటూ రావడంతో ఆ ఇంటి కిటికీలకు నేటివరకూ కర్టెన్లు లేవు. లోపల ఏం జరుగుతోందో ఎదురింటివాళ్ళకు చక్కగా కనిపిస్తుంది. ఏమీ జరగదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇంత సుఖంగా సాగుతున్న సంసారాన్ని డ్రైవింగ్ స్కూలు యజమాని చెడగొట్టాడు. ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్న ఊళ్ళో కొత్త శాఖ తెరుస్తున్నాననీ, దాని బాధ్యతంతా బ్రేకు మేడానికే అప్పగిస్తాననీ, వస్తుందో రాదో నెలాఖరులోగా తేల్చి చెప్పాలనీ అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ భర్తతో ఆ సంగతి చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"కొత్త శాఖ. నువ్వే ఇన్‌చార్జి. అక్కడే ఉండాలి. నెలాఖరులోగా చెప్పాలి. అంతేనా?"

"అంతే."

"నీ ఇష్టం" అన్నాడు.

పదేళ్ళుగా వింటున్న మాటే. కర్టెన్ల విషయంలో విన్నప్పుడు ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. ఈసారి మాత్రం వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. తను ఉండటమూ వెళ్ళిపోవడమూ ఈ మనిషికి కర్టెన్లతో సమానమా అని ఆవిడ దుఃఖం. ఆయనకూ లోపల కలుక్కుమంది. అయితే తన కలుక్కు తనే నమోదు చేసుకునే పద్ధతి ఆయన ఆఫీసులో లేదు. వెళ్ళొద్దని ఒక్కసారి అంటాడేమోనని ఆవిడ, ఉండిపోనా అని ఒక్కసారి అడుగుతుందేమోనని ఆయన, ఒకే గోడకు ఆనించిన ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని ఎదురుచూశారు. బయటినుంచి చూసినవాళ్ళకు ఎంతో ముచ్చటగా ఉంది.

ఇలా ఉండగా, ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న ఒక రిటైర్డు లెక్కల మాస్టారు కారును సరిగ్గా కళ్ళజోళ్ళ దుకాణం ముందు ఆపేశాడు. అది ఎంతకీ మళ్ళీ స్టార్టు కాకపోవడంతో పైనున్న బోర్డును మొదటినుంచి చివరిదాకా చదివే అవకాశం ఆవిడకు కలిగింది. ఇంటికొచ్చి, "ఏమండీ, మనం కౌన్సిలర్ దగ్గరికి వెళ్దామా?" అని అడిగింది. ఆయన ఏమన్నాడో పాఠకులకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఈ కబురు ఆయన అక్కగారి చెవిన పడింది. ఆవిడకు తెలిసిన కౌన్సిలర్ ఒక్కరే, వార్డు కౌన్సిలర్. వెంటనే ఫోన్ చేసింది.

"కౌన్సిలర్ దగ్గరికి వెళ్తున్నారటగా? నీళ్ళాఫీసులో పనిచేస్తూ నీకు సిఫార్సు ఎందుకురా? అయినా ఆ మీసాలాయన ఒట్టి చేతుల్తో వెళ్తే పలకడు. పళ్ళేవైనా పట్టుకెళ్ళండి."

"ఆ కౌన్సిలర్ కాదక్కా. ఇది మొగుడూ పెళ్ళాల కౌన్సిలర్."

అది విని అక్కగారు చేసిన ఉపన్యాసం బంధువర్గంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "డబ్బిచ్చి పరాయివాళ్ళకు చెప్పుకుంటారా! నేను చచ్చాననుకున్నారా? పెళ్ళయిన నాటినుంచీ మీ సంసారంలో వేలు పెడుతున్నానే, ఏనాడైనా పైసా అడిగానా? ఎండనక వాననక వచ్చి మరీ పెట్టానే! ఆ చేసినదంతా ఏ గంగలో కలిసింది?" అని ఆవిడ నిలదీసింది. నమోదుగారు అంతా విని, పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పి, ఫోన్ పెట్టేశాడు.

అనుకున్న రోజున ఇద్దరూ ఆ మెట్లెక్కారు. అక్కడొక ఏర్పాటు గురించి చెప్పుకోవాలి. కేంద్రానికీ పళ్ళ డాక్టరుకూ వరండా ఒకటే, బెంచీలూ ఒకటే. అందువల్ల సంసారం బాగులేక వచ్చినవారంతా అక్కడ కూర్చోగానే చెంప మీద చెయ్యి వేసుకుంటారు. తెలిసినవాళ్ళు తారసపడితే పన్ను అని చెప్పుకునే వీలుంటుంది. నమోదుగారు వెళ్ళేసరికి ఆయన పై అధికారి భార్యాసమేతంగా అదే బెంచీ మీద ఉన్నాడు. ఇద్దరికీ చెరో చెంప మీదా చెయ్యి ఉంది.

"పన్నా?" అన్నాడు అధికారి.

"పన్నేనండీ. తమకు?"

"నాకూ పన్నే. మా ఆవిడక్కూడా పన్నే."

ఇంతలో నిజంగా పన్ను నొప్పితో విలవిల్లాడుతూ ఒకాయన వచ్చాడు. మిగతావాళ్ళంతా ఆయన్ని జాలిగా చూసి, పాపం, ఇంట్లో పరిస్థితి బాగా ముదిరినట్టుందని కళ్ళతోనే అనుకున్నారు.

డబ్బు తీసుకునే బల్ల వెనక గోడకు నిబంధనలు చట్రం కట్టించి పెట్టారు. దంపతులలో ఒక్కరే హాజరైనను దంపతులుగానే పరిగణించబడుదురు. మధ్యలో రాజీ పడినచో రుసుము తిరిగి ఇవ్వబడదు. కలహమును వాయిదా వేసుకొనదలచినవారు రెండు దినముల ముందుగా తెలియజేయవలెను. పగిలిన వస్తువుల ఖరీదు పగులగొట్టినవారే భరించవలెను. ఎవరు పగులగొట్టిరన్న వివాదము తలెత్తినచో అది అదనపు సమావేశముగా లెక్కింపబడును. నమోదుగారు దాన్ని రెండుసార్లు చదివి, "భాష బాగుంది" అన్నాడు. ఆ రోజున ఆయన వ్యక్తపరచిన ఏకైక అభిప్రాయం అదే.

"ఎవరు కడతారండీ?" అని బల్ల వెనకున్న అమ్మాయి అడిగింది.

"ఆవిడ ఇష్టం."

"ఆయన ఇష్టం."

ఆ అమ్మాయి ఇలాంటివాళ్ళను చాలామందిని చూసింది. "మామూలుగా కట్టినవాళ్ళదే తప్పని రెండోవాళ్ళు అనుకుంటారండీ. సగం సగం కట్టేయండి. తప్పు కూడా సగం సగం అవుతుంది" అని న్యాయం చెప్పింది. ఇద్దరూ తలో కార్డూ ఇచ్చారు. మొత్తం కలిపితే ఒక మంచి వాషింగ్ మెషిను ఖరీదు. వాళ్ళింట్లో వాషింగ్ మెషిను కూడా చెడిపోయే ఉంది. ఏది ముందు బాగు చేయించాలన్న ప్రశ్న ఇద్దరి మనసుల్లోనూ ఒకేసారి మెదిలింది. పైకి మాత్రం ఎవరూ అనలేదు. పైకి అని, కలిసి నవ్వుకుని ఉంటే, అక్కణ్ణుంచే ఇంటికి వెళ్ళిపోయి ఉండేవారు, ఆ కేంద్రమూ మూతపడి ఉండేది.

కౌన్సిలర్ గారు నడివయసు స్త్రీ. శాంతమూర్తి. గోడ మీద మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆవిడ చదువుకున్న చదువులో మొదటి సూత్రం ఎవరి పక్షమూ వహించకూడదన్నది. దీన్ని ఆవిడ ఎంత నిష్ఠగా పాటిస్తుందంటే, దంపతుల్లో ఎవరి మొహంలోకి చూసినా రెండోవారు నొచ్చుకుంటారని, సమావేశం సాగినంతసేపూ ఇద్దరి మధ్యనున్న టిష్యూల పెట్టెను మాత్రమే చూస్తుంది. ఆ పెట్టెను ఉద్దేశించి, ఎంతో ఆప్యాయంగా, "ముందు మీరు చెప్పండి" అంది.

మన భాషకున్న మర్యాద ఇంతా అంతా కాదు. ఒకరున్నా మీరే, ఇద్దరున్నా మీరే, పక్క గదిలో ఇంకో పదిమంది ఉన్నా వాళ్ళతో కలిపి మీరే. కౌన్సిలర్ గారు అడిగింది భార్యనని భర్త అనుకున్నాడు. భర్తనని భార్య అనుకుంది. ఆడవాళ్ళను ముందు మాట్లాడనివ్వడం సంస్కారమని ఆయన ఆగాడు. మగవాడు నోరు విప్పడమే అరుదు, విప్పితే అడ్డు రాకూడదని ఆవిడ ఆగింది. ఇద్దరిలో ఎవరైనా మొదలుపెడతారని కౌన్సిలర్ గారు ఆగింది. గోడ గడియారం ఒక్కటే ఆ గదిలో తన పని తాను చేసుకుపోయింది.

"మంచి ప్రారంభం. మీ మౌనంలో చాలా సమాచారం ఉంది" అని సమయం ముగిశాక కౌన్సిలర్ గారు మెచ్చుకుంది. ఇంట్లో ఇన్నేళ్ళుగా ఇంత సమాచారాన్ని వృథా చేసుకున్నామే అని దంపతులు మెట్లు దిగుతూ ఎవరికి వారు బాధపడ్డారు.

రెండో వారం కౌన్సిలర్ గారు బడిపిల్లలకిచ్చినట్టు ఇంటిపని ఇచ్చింది. రోజూ కాసేపు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు తమ మనసులోది చెప్పాలి. రెండోవారు వాదించకుండా విని, విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఇందువల్ల తమ మాట వినే మనిషి ఒకరున్నారన్న నమ్మకం కుదురుతుందట. ఈ విద్యలో నమోదుగారికి ఉన్నంత అనుభవం కౌన్సిలర్ గారికి కూడా లేదు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర భార్య మొదలుపెట్టింది. "మీరు నాతో సరిగ్గా మాట్లాడరు. గోడతో చెప్పుకున్నట్టుంటుంది నాకు."

"నేను నీతో సరిగ్గా మాట్లాడను. గోడతో చెప్పుకున్నట్టుంటుంది నీకు. ఇంకా ఏమైనా ఉందా?"

"ఉంది. ఇదిగో, ఇదే. ఇలా అప్పజెప్పడమే నాకు నచ్చదు."

"ఇలా అప్పజెప్పడమే నీకు నచ్చదు. నమోదైంది."

ఆవిడ గ్లాసు బల్ల మీద ఠప్పున పెట్టి లేచిపోయింది. మర్నాడు ఆయన వంతు. గొంతు సవరించుకున్నాడు. "నాకు" అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే మూసేసుకున్నాడు. ఏమని అడిగితే నీ ఇష్టమన్నాడు. ఇంటిపని సంతృప్తికరంగా పూర్తయినట్టు కౌన్సిలర్ గారికి ఇద్దరూ విడివిడిగా మెసేజీలు పెట్టారు.

మూడో సమావేశం నాటికి ఇక ఒక్క రోజే మిగిలింది. మర్నాడు బ్రేకు మేడం తన యజమానికి జవాబు చెప్పాలి. ఆ ఉదయమే అటక మీంచి పెద్ద పెట్టె దింపి, దుమ్ము దులిపి, హాల్లో మధ్యన పెట్టింది. భర్త దానికి దెబ్బ తగలకుండా చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్ళాడు. సాయంత్రం కేంద్రంలో ఇద్దరూ ఎప్పటి కుర్చీల్లో ఎప్పటిలాగే కూర్చున్నారు. కౌన్సిలర్ గారు ఎప్పటిలాగే టిష్యూల పెట్టెను పలకరించింది. ఎప్పటిలాగే ఎవరూ పలకలేదు.

ఉన్నట్టుండి బ్రేకు మేడం కౌన్సిలర్ గారివైపు తిరిగింది. "రేపు మా ఓనరుకి చెప్పెయ్యాలండీ. నన్ను వెళ్ళమంటారా, ఉండమంటారా? మీరైనా చెప్పండి."

"చూడండి, ఆ నిర్ణయం నేను తీసుకోకూడదు. అది పూర్తిగా మీ ఇష్టం."

"మీ ఇష్టమా!" ఆవిడ గొంతు గది పైకప్పును తాకింది. "ఈ మాట మా ఇంట్లో పదేళ్ళనుంచీ ఊరికే దొరుకుతోందండీ! దీనికోసమా మేము వాషింగ్ మెషిను డబ్బు తగలేసింది?"

నమోదుగారు ఫక్కున నవ్వాడు. నవ్వి, నవ్వకూడదేమోనని భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వుతారేం? చెప్పండి మీరు" అంది కౌన్సిలర్ గారు. ఆయన మర్యాదగా భార్యవైపు తిరిగి, చెప్పమన్నట్టు చూశాడు. శాంతానికి మూడు సర్టిఫికెట్లు పొందిన ఆ మనిషి అప్పుడు కుర్చీలోంచి లేచి, ఆయనకేసి చూపుడువేలు పెట్టి, ఏ ఇంట్లోనైనా వినబడే పిన్నిగారి గొంతుతో అరిచింది.

"నువ్వయ్యా! నువ్వే! ఆ అమ్మాయి వెళ్ళాలా, ఉండాలా నీకు? నోరు తెరిచి చెప్పవయ్యా నాయనా!"

ఆ గదిలో ఏకవచనం వినబడటం అదే మొదలు. ఇన్నాళ్ళూ మీరు అన్న మాట చాటున హాయిగా నక్కి ఉన్న మనిషిని నువ్వు అన్న మాట చొక్కా పట్టుకుని బయటికి లాగింది. ఇక తప్పించుకునే దారి లేదు. ఆయన నోరు తెరిచాడు. "నాకు" అన్నాడు. మళ్ళీ ఆగిపోయి, కిందికి చూశాడు.

"ఇప్పుడేమొచ్చింది?"

"ఆవిడ కాలు చూడండి."

అందరూ చూశారు. బ్రేకు మేడం కుడికాలు తివాచీని బలంగా నొక్కిపెట్టి ఉంది. మడమ నేలకు ఆని, వేళ్ళు బిగుసుకుని, ఎదురుగా లారీ వస్తున్నట్టు ఉంది ఆ పాదం. ఆవిడ దాన్ని ఎవరిదో అన్నట్టు ఆశ్చర్యంగా చూసుకుంది.

"పెళ్ళయిన కొత్తలోనే గమనించానండీ" అన్నాడు ఆయన. "నేనేదైనా చెప్పబోతే చాలు, ఆ కాలు దిగుతుంది. ప్రమాదమేదో ఉంది కాబోలని ఆగిపోతాను. ఆపైన నీ ఇష్టం అనేస్తాను. ఆ మాటకు మాత్రం కాలు కదలదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. నొక్కావు."

గుద్దుకోకముందే ఆపడం ఆవిడ వృత్తిధర్మం. దానివల్ల ఎందరో ప్రాణాలతో ఇళ్ళకు చేరారు. ఈ ఒక్క మనిషి మాత్రం బయలుదేరిన చోటే పదేళ్ళుగా ఆగి ఉన్నాడు. ఆవిడ చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ కుర్చీ మీదికి మడిచి పెట్టుకుని బాసింపట్టు వేసుకుంది. పాదాలు మళ్ళీ కిందికి దిగకుండా చీర కుచ్చిళ్ళలో చుట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి."

"నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు" అన్నాడు. ఒకసారి బయటికి వచ్చాక ఆ మాట వెంట మిగతావి తోసుకుంటూ వచ్చాయి. "నీకు సాయంత్రం క్లాసులున్న రోజున నేను వంటింట్లో నించునే తినేస్తాను. కూర్చుంటే ఎదురుగా నీ కుర్చీ కనబడుతుంది. ఖాళీగా. అది చూస్తూ తినలేను. ఎప్పుడో ఒకరోజంటే సరే. రోజూ నించుని ఎలా తినను?"

ఆవిడ ఏడ్చింది. తను వెళ్తే ఒక మనిషికి కూర్చుని తిండి సహించదని తెలిసి, పదేళ్ళలో ఎన్నడూ లేనంత సంతోషంతో ఏడ్చింది. పెట్టెలో టిష్యూలన్నీ ఆవిడకే సరిపోయాయి. ఒళ్ళో పెట్టుకున్న పెట్టెను ఆవిడ తిరిగివ్వకపోవడంతో, ఎటు చూడాలో తెలియక కౌన్సిలర్ గారు మొదటిసారి మనుషుల మొహాలు చూసింది.

కళ్ళు తుడుచుకోవడం పూర్తికాగానే బ్రేకు మేడానికి కోపం వచ్చింది. "ఇన్నాళ్ళూ ఈ ముక్క కడుపులో పెట్టుకుని కూర్చున్నారా? నేను వంటింట్లో ఏడ్చి చస్తుంటే?"

"నువ్వు అడగలేదు."

"అడిగాను!"

"అడగలేదు. చెప్పావు. చెప్పింది నేను నమో..."

"ఆ మాట అన్నారంటే ఊరుకోను!"

అక్కణ్ణుంచి వాళ్ళ మొట్టమొదటి పోట్లాటకు శుభారంభమైంది. ఎన్నడూ కొనని కర్టెన్లు, వెళ్ళని ప్రయాణాలు, అక్కగారు పెట్టిన వేళ్ళు, అన్నీ ఒక్కొక్కటిగా పైకొచ్చాయి. ఎదుటి వరండాలో వంతుకోసం కూర్చున్న ఇద్దరు, లోపల ఎవరికో మత్తివ్వకుండా పన్ను పీకుతున్నారనుకుని, తమ పళ్ళు ఇంకొన్నాళ్ళు ఆగుతాయని చెప్పి వెళ్ళిపోయారు. సమయం దాటిందని బల్ల దగ్గరి అమ్మాయి వచ్చి తలుపు తట్టింది. ఎవరూ వినిపించుకోలేదు. దాటిన సమయానికి విడిగా బిల్లు వేశారు. కేంద్రం చరిత్రలో దంపతులిద్దరూ బేరమాడకుండా, మాట్లాడుకుంటూనే కట్టిన బిల్లు అదేనట. కౌన్సిలర్ గారు మాత్రం ఆ సాయంత్రమంతా కుమిలిపోయింది. ఒక పక్షాన్ని వేలు పెట్టి చూపినందుకు, పైగా నువ్వు అన్నందుకు, తన వృత్తికే మచ్చ తెచ్చానని బాధపడింది. ఇకమీదట ఇలాంటి పొరపాటు జరగదని మర్నాడు దంపతులకు క్షమాపణ పంపింది.

పోట్లాట మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణం ముందు ఆవిడ ఆగింది.

"అయితే ఏమంటారు? మానేయనా?"

ఆయన అలవాటు కొద్దీ ఆవిడ పాదంవంక చూశాడు. అది కదలలేదు. "మానేస్తే నాకు ఇంకా ఇష్టం లేదు" అన్నాడు. "ఆ శాఖ నీకు రావలసిందే. వేరే ఎవరికిచ్చినా ఆ ఊళ్ళో ఒక్క స్తంభం మిగలదు. వెళ్ళు. కాకపోతే నాకు ఇష్టం లేదని తెలుసుకుని వెళ్ళు."

"వెళ్తాను. రోజూ ఫోన్ చేసి ఆ మాట చెప్తుండండి."

ఆవిడ వెళ్ళింది. ఆయన రోజూ ఆఫీసునుంచి రాగానే బల్ల మీద ఫోన్ నిలబెట్టి, ఎదురుగా కూర్చుని, ఆవిడతో మాట్లాడుతూ తింటున్నాడు. ఇష్టం లేదన్న ముక్కతో మొదలై, ఆవిడ దగ్గర కొత్తగా చేరినవాళ్ళు ఏయే వాహనాల వెంట పడ్డారో, ఈయన ఆఫీసులో ఎవరెవరు ఏ రంగు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చారో, అన్నీ దొర్లుతాయి. మధ్యలో పోట్లాడుకుంటారు. ఒకరి మీద ఒకరు అరుచుకుని, అరిచినదానికి తామే పగలబడి నవ్వుకుంటారు. వారం వారం ఆయన బస్సెక్కి వెళ్ళొస్తాడు. బస్సు దిగిన మనిషి మొహం చూసి స్టాండులోని టీ కొట్టాయన, ఈయనకు కొత్తగా పెళ్ళయిందనుకుంటున్నాడు.

బంధువర్గంలో మాత్రం గగ్గోలు పుట్టింది. పదేళ్ళపాటు కిక్కురుమనకుండా కాపురం చేసినవాళ్ళు ఇలా వేరుపడి చెరో ఊళ్ళో అరుచుకుంటున్నారంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు? నలుగురినీ వెంటబెట్టుకుని అక్కగారు ఓదార్చడానికి వచ్చింది. తలుపు తీసే ఉంది. తమ్ముడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. వీళ్ళు వచ్చిన అలికిడి కూడా వినిపించుకోలేదు. చాలాసేపటికి తలెత్తి చూశాడు.

"ఎవరితోరా అంతసేపు?"

"నీ మరదలితోనక్కా" అన్నాడు, ఇంకా నవ్వు ఆపుకోలేక.

అక్కగారు గుమ్మంలోనే కూలబడింది. వెంట వచ్చిన పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇంటి మెట్ల దగ్గర అత్యవసరంగా సమావేశమై, విషయాన్ని అన్ని కోణాల్లోంచీ చర్చించారు. వారిలో పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళు దాటిన అనుభవజ్ఞులున్నారు. కట్టుకున్న పెళ్ళాంతో అంతసేపు, అంతలా నవ్వుతూ మాట్లాడే మగవాడు లోకంలో ఉండడు కాబట్టి, ఫోన్లో అవతల ఉన్నది ఇంకెవరో అయి ఉంటుందని ఏకగ్రీవంగా తీర్మానించారు. పాపం దూరాన ఉన్న ఆ ఇల్లాలికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక ఇప్పటికీ మథనపడుతున్నారు.

ఈ తీర్మానం చదివి మీరు నవ్వే ఉంటారు. కాస్త పైకి వినబడేలా నవ్వి ఉంటే, ఇంట్లో ఉన్న రెండో మనిషి తల తిప్పి, ఏమిటి నీలో నువ్వే నవ్వుకుంటున్నావని అడిగి ఉండవచ్చు. సంగతేమిటో చెప్పాలంటే ఈ కథంతా మొదటినుంచి చెప్పాలి. చెబితే, విన్న మనిషి కూడా ఏదో ఒకటి అనవచ్చు. అదెక్కడికి దారి తీస్తుందో ఎవరికి తెలుసు? అందుకని మీరు పేజీలోంచి తలెత్తకుండానే "ఏం లేదు" అని ఉంటారు. ఆ మనిషి రెండోసారి అడిగి ఉండదు.